సమాచారదాత 17

అమలాపురం గడియారస్తంభం వెనక సందులో
పేజీకి పదిహేను రూపాయలు నా రేటు.
శుభలేఖలూ దస్తావేజులూ పల్చబడ్డాక
వానాకాలంలో సిద్ధాంత గ్రంథాలు వస్తాయి.
ఈసారి వచ్చింది నాలుగు వందల పన్నెండు పేజీలు,
కోనసీమ కొబ్బరి పీచు పని: శ్రమ, లింగం, సంస్కృతి.
కట్టింది మాత్రం నైలాను తాడుతో.

చదవకూడదు, కొట్టుకుంటూ పోవాలి.
పని నేర్పినాయన చెప్పిన మొదటి పాఠం అదే,
అర్థం చూస్తే వేళ్ళు ఆగిపోతాయని.
పితృస్వామ్యానికి ఎన్ని మీటలో
నాకంటే ముందు నా వేళ్ళకి తెలుసు.
ఆధిపత్యం, అణచివేత, అస్తిత్వం,
ఒత్తు పడాల్సిన చోట ఒత్తు పడితే చాలు.

రెండో అధ్యాయమంతా ఏయే దేశాల పండితులో
ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తూ మాట్లాడుకున్నారు.
మూడోదాంట్లో మా కాలవ వచ్చింది.
నూట అరవై మూడో పేజీలో వేళ్ళు ఆగాయి.

"డొక్క ఆరు నెలలు నానితేగానీ మెత్తబడదండి.
మేం పుట్టిందగ్గర్నించీ నానుతున్నాం,
మెత్తబడ్డామేటండీ?"

ఆ మాట నాకు తెలుసు.
అది మా ఇంట్లో నాన్న మీద ఎన్నిసార్లు పడిందో.
కింద చిన్నక్షరాల్లో: సమాచారదాత 17.

మా అమ్మని దాత అన్నవాళ్ళు ఇదే మొదలు.

అనుబంధం తిరగేశాను.
వయసు యాభై రెండు. చదువు లేదు.
రాట్నం తిప్పుట, ఇరవై తొమ్మిదేళ్ళు.
లింగం: పు.

అమ్మ పేరు మట్టపర్తి సింహాచలం,
అప్పన్న మొక్కుకి పుట్టిందని తాత పెట్టిన పేరు.
మాట విన్నది ఒకరు, గళ్ళు నింపింది ఇంకొకరు.
ఆ ఒక్క 'పు' అక్కడితో ఊరుకోలేదు.
నలభై మందిలో స్త్రీలు ముప్పై తొమ్మిది, పురుషుడు ఒకడు.
ఆ ఒక్కడూ ఆడవాళ్ళ కూలికి ఎందుకు ఒప్పుకున్నాడని
ఐదో అధ్యాయంలో ఆరు పేజీల చర్చ.
చాలా లోతైన చర్చ. అక్షరం తప్పు పోకుండా కొట్టాను.

రాత్రి చదివి వినిపిస్తే
వేలికొసల్లోంచి పీచుముల్లు లాక్కుంటూ వింది.
"మగాణ్ణని రాసేరా?
మరైతే ఆ తేడా డబ్బులు రావాలి కదే,
ఇరవై తొమ్మిదేళ్ళవి."
లెక్క కట్టమంది.
పట్టికలో ఉన్న కూలి తేడాతోనే కట్టాను.
మూడో ఏడు ముగిసేసరికి లక్ష దాటింది.
"ఆపవే, అన్నం సయించట్లేదు" అంది.

కంచం కడుక్కుని వచ్చి మళ్ళీ అడిగింది,
"నేను నవ్వింది రాసేరా?"
విరామ సమయంలో ఏం చేస్తారండీ అని అడిగినప్పుడు
పీచు యార్డు యార్డంతా
కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారట.
పదిహేడో వరసలో వెతికాను.
ఆ గడిలో ఒక చిన్న గీత ఉంది.

పొద్దున్నే మేడంగారికి ఫోన్ చేశాను.
పు కాదండి, స్త్రీ.
అటు చాలాసేపు ఫ్యాను చప్పుడు.
"సోమవారం ఇచ్చెయ్యాలమ్మా. శాతాలన్నీ మారిపోతాయి."
మంచి మనిషే, గొంతు తడబడింది.
ఆ ఆరు పేజీలకి ఏడాది పట్టిందట,
చంటిపిల్లని పడుకోబెట్టి రాత్రిళ్ళు రాసుకున్నారట.
అది మాత్రం ఏ అధ్యాయంలోనూ లేదు.

నా ఫాంటు పేరు అను.
తెలుగులో చదివితే చెప్పు అని అర్థం.
గీత పక్కన కర్సరు కొట్టుకుంటోంది.
నవ్వుకి మీట లేదు.

బిల్లులో ఆ ఆరు పేజీలూ వేశాను, తొంభై రూపాయలు,
తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను.
రెండుసార్లు ఎంచి కొంగున ముడేసుకుంది.
"జమ రాసుకో" అంది.
"మిగతాది ఎప్పుడిస్తారో అడుగు."